మానిన గాయానికి కట్టు

కట్టు కట్టడంలో నన్ను మించినవాళ్ళు జమ్మలమడుగు తాలూకాలో లేరని ఒకప్పుడు చెప్పుకునేవారు. గొప్పకు చెప్పడం లేదు, దేవుడు నాకిచ్చిన విద్య అదొక్కటే. నేను కట్టిన కట్టు పిల్లలు దుమ్ములో పొర్లినా జారేది కాదు, లోపల ఏముందో పైకి తెలిసేది కాదు. ఆ విద్యతోనే ఒక ఆడపిల్ల కాలికి, గాయం మానిపోయాక కూడా, నెల రోజుల పైన కట్టు కడుతూ వచ్చాను. తెలిసే చేశాను. అది తప్పని ఇవాళ్టికీ ఒప్పుకోను. ఒప్పుకోవలసిన తప్పు వేరే ఉంది, అది చెప్పడానికే కూర్చున్నాను.

మనకు కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మాది పులివెందుల. పదిహేనేళ్ళకే మొగుడు పోతే, ముసుగేసి మూలన కూర్చోబెట్టమని చుట్టాలంతా చెప్పినా వినకుండా మా అమ్మ నన్ను నర్సు పని నేర్చుకోవడానికి పంపింది. మొదటి ఉద్యోగం ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే దారిలో ఒక పల్లె ఆసుపత్రిలో. ఊరి పేరు రాయను. ఆసుపత్రి అంటే రెండు గదులు, ఒక వసారా. కాంపౌండరు ఉద్యోగం ఎప్పుడూ ఖాళీయే కాబట్టి మందులు కలపడం, సీసాలకు మోతాదు కాగితాలు అంటించడం, పుండ్లు కడగడం, కాన్పులు, అన్నీ నా నెత్తినే. నా పైన ఒక్క డాక్టరు గారు.

ఆయన కోస్తా మనిషి. యాభై దాటాయి, ఒంటరిగా ఉండేవారు. "మీ సీమ మాట వింటే చెవుల్లో కంకర పోసినట్టుంటుంది అమ్మాయ్" అని నన్ను ఏడిపించేవారు. "మీ మాట కొంచెం మందులో కలిపిస్తే పిల్లోళ్ళు చప్పరిస్తారు సార్, చక్కెర మిగులుతాది" అనేదాన్ని. పగలబడి నవ్వేవారు. నాడి చూడడం, రొమ్ము మీద చెవి పెట్టి ఊపిరి వినడం, ఏ జ్వరం ఏదో పోల్చుకోవడం, అన్నీ నాకు నేర్పింది ఆయనే. తండ్రి లేనిదాన్ని. ఆయన్నే తండ్రి అనుకున్నాను.

సాయంత్రం ఐదు గంటలకు ఊరి బడి హెడ్మాస్టరు మా వసారాలోకి వచ్చేవాడు. మధ్యాహ్నం బస్సులో దిగిన పేపరును గొంతెత్తి చదివేవాడు, మెట్ల మీద జనం కూర్చుని వినేవారు. తెల్లటి పంచె, ఎవరినీ 'ఒరే' అని పిలవని నోరు. ఊరందరి అర్జీలూ ఆయనే రాసిచ్చేవాడు, ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు. పేపరు అయ్యాక ఆయనా డాక్టరు గారూ చీకటి పడేదాకా మాట్లాడుకునేవారు. వాళ్ళిద్దరికీ కాఫీ కాచి ఇచ్చేది నేనే.

ఒకనాటి ఉదయం ఆ హెడ్మాస్టరు భార్య ఏడేళ్ళ పిల్లను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. పిల్ల ఆయన అన్న కూతురు. తల్లీ తండ్రీ ఒకే ఏడాది పోతే తెచ్చి చదువు చెప్పిస్తున్నాడని ఊరంతా ఆయన్ను మెచ్చుకునేది. పిల్ల ఎడమ పిక్క మీద కాలిన పుండు, చీము పట్టి ఉంది.

"ఏందమ్మా ఇది?" అన్నాను.

"కామెర్లొచ్చినాయని వాత పెట్టించినాం నర్సమ్మా" అంది ఆమె, నేల చూస్తూ.

మా వైపు వాతలు కొత్త కాదు. కామెర్లకు ముంజేతి మీద పెడతారు, పసిబిడ్డకు డొక్కలెగరేస్తే పొట్ట మీద పెడతారు. మంచి పని అనడం లేదు, వాతలు చీము పట్టి చచ్చిపోయిన బిడ్డల్ని నా చేతులతో కడిగాను. కానీ పెట్టేవాళ్ళకు ఒక చోటు ఉంటుంది, ఒక తీరు ఉంటుంది. కాల్చిన సూదితో చుక్క పెడతారు. కామెర్లకు పిక్క మీద వాత నేను పుట్టి ఎరగను. పైగా ఇది చుక్క కాదు, బెత్తెడు పొడుగు, అట్లకాడ వెడల్పు. పిల్ల రెప్పలెత్తి చూశాను. కళ్ళు తెల్లగా ఉన్నాయి, పచ్చదనం జాడే లేదు.

'వాత' అని ఒక్క మాట అంటే చాలు, మా ఊళ్ళలో ఇంకెవరూ ఏమీ అడగరు. పిల్లను కాల్చి దాచుకోవడానికి అంతకన్నా మంచి మాట లేదు. మా రిజిస్టరులో కూడా 'వాత, నాటు వైద్యం' అని రాసి కింద గీత గీస్తాం. డాక్టరు గారు ఆ రోజు అదే రాశారు. నేను మాత్రం ఇది ఆ ఆడమనిషి పనే అనుకుని కళ్ళతోనే ఆమెను కాల్చేశాను. సోమవారం, గురువారం పిల్లను తప్పకుండా పంపమన్నాను. కట్టు తడవకూడదు, నీళ్ళకు పంపితే కాలు తీసేయాల్సి వస్తుందని గట్టిగానే బెదిరించాను.

పిల్ల ఒక్కతే రావడం మొదలుపెట్టింది. పిల్లలకు పంచమని మాకు పాలపొడి డబ్బాలు వచ్చేవి. వచ్చినప్పుడల్లా ఒక గ్లాసు కలిపి ఇచ్చి, తాగేలోపు పుండు కడిగేదాన్ని. ఎంత మండినా నోరు తెరిచేది కాదు. ఏడవని పిల్లను చూస్తే నాకు భయం. ఏడిస్తే ఎవరైనా వస్తారని నమ్మకం ఉన్న పిల్లలే ఏడుస్తారు. నాలుగోసారో ఐదోసారో అడిగాను.

"మీ చిన్నమ్మ శానా కొడతాదా పాపా?"

"చిన్నమ్మ కాదు. చిన్నమ్మ వెన్న పూస్తాది."

"మరి ఎవురు?"

గ్లాసు అడుగున మిగిలిన పాలను అటూ ఇటూ ఆడించింది. "నాకు పదమూడో ఎక్కం రాదు" అంది. "ఎక్కం తప్పితే చిన్నాయన అట్లకాడ కాలబెట్టమంటాడు. చిన్నమ్మ కాలబెట్టకుంటే చిన్నమ్మకు పెడతాడు."

బడిలో బెత్తం కూడా పట్టడని పేరున్న మనిషి! ఆయన కాఫీలో చక్కెర రెండు చెంచాలు వేయాలని కూడా నాకు తెలుసు.

"ఎవురికీ చెప్పొద్దు నర్సమ్మా. చెప్తే ఇంగో కాలికీ పెడతా అన్న్యాడు."

"చెప్పను. మాయమ్మ మీద ఒట్టు" అన్నాను. పిల్ల నా చెయ్యి పట్టుకుని తన నెత్తిన పెట్టుకుంది, మా అమ్మ మీద ఒట్టు దానికి చాలలేదు. దాని తల మీద కూడా ఒట్టు వేశాను.

మూడు వారాలకు పుండు ఎండింది. లేత చర్మం వచ్చింది. సంతోషపడాల్సిన నేను ఆ చర్మాన్ని చూసి దిగులుపడ్డాను. ఈ మూడు వారాలూ ఆ పిల్ల మీద కొత్త దెబ్బ లేదు. సోమవారం, గురువారం నర్సమ్మ కాలు విప్పి చూస్తుందని తెలిసిన ఇంట్లో చెయ్యి లేవదు. నీళ్ళ బిందె కూడా తప్పింది. కట్టు తీసేస్తే రేపటి నుంచి ఆ పిల్లను చూసే కన్ను లేదు. అందుకని శుభ్రంగా మానిన కాలికి ఊదామందు పూసి, గుడ్డ చుట్టి, ముడి వేసి పంపాను.

పిల్లకు అర్థమైంది. మరుసటి సోమవారం కుంటుకుంటూ వచ్చింది. "గాయం ఎడమ కాలికి గదే, కుడికాలు కుంటతాండావేంది?" అంటే, ఆ పిల్ల నవ్వడం అప్పుడే మొదటిసారి చూశాను. తలుపు మూసి ఇద్దరం కుంటడం సాధన చేశాం. కట్టు ఒక్కో చుట్టుకు ఒక్కో మెట్టు చొప్పున పదమూడో ఎక్కం నేర్పాను. పదమూడు ఏడుల దగ్గర ఎప్పుడూ ఆగిపోయేది. ఆ చుట్టు విప్పి మళ్ళీ చుట్టేదాన్ని. "ఇంకా మానలేదా అమ్మాయ్?" అని డాక్టరు గారు గుమ్మంలో నిలబడి అడిగితే, "చీము ఊరతాంది సార్" అని తల ఎత్తకుండా చెప్పేదాన్ని.

కానీ కట్టు ఎన్నాళ్ళని కడతాం? పిల్లకు పులివెందులలో తల్లి తల్లి ఉందని తెలిసింది. మా అమ్మను చూడడానికి పోయినప్పుడు వెతికి పట్టుకున్నాను. శెనక్కాయలు ఒలిచే కూలికి పోయే ముసలామె. సంగతి చెబితే ఒలుస్తున్న కాయ చేతిలోంచి జారిపోయింది.

"సదువు సెప్పిస్తానంటే ఇచ్చినానమ్మా. గంజి తాగైనా సాక్కుంటా. కానీ ఆయప్ప పెద్దమనిషి. నేను పోయి అడిగితే గడప ఎక్కనిస్తాడా? ఎవురన్నా పెద్దోళ్ళు చెప్పాల."

పెద్దోళ్ళు! నాకు తెలిసిన పెద్దమనిషి ఒక్కరే. తిరిగి వస్తూ బస్సులో దారంతా ఆలోచించాను. ఒట్టు వేశాను నిజమే. కానీ డాక్టరు గారికి చెప్పడం ఊరికి చెప్పడం కాదు గదా, నాన్నకు చెప్పుకోవడం లాంటిదే గదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. శనివారం రోగులంతా పోయాక తలుపు వేసి చెప్పేశాను. అట్లకాడ, ఎక్కం, అవ్వ, మానిన గాయానికి నేను కడుతున్న కట్టు, ఏదీ దాచలేదు.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నాకు వదిలెయ్ అమ్మాయ్. పిల్లకు ఊపిరితిత్తుల్లో నెమ్ము ఉంది, ఆరు నెలలు ఊరు మారాలని చీటీ రాస్తాను. అమ్మమ్మ దగ్గరికి పంపమని నేనే చెబుతాను. ఆయన కాదనలేడు. నీ కట్టు సంగతి నా నోట రాదు" అన్నారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒంగి ఆయన కాళ్ళకు దండం పెట్టాను. ఆ దండం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆదివారం సాయంత్రం పేపరు చదవలేదు. మడిచిన పేపరు ఒళ్ళో పెట్టుకుని ఇద్దరూ గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. చీటీ మాట చెబుతున్నారులే అనుకున్నాను. రెండు కాఫీలు నేనే ఇచ్చి వచ్చాను. రెండు చెంచాల చక్కెర.

సోమవారం పిల్ల రాలేదు. గురువారం రాలేదు. గురువారం సాయంత్రం హెడ్మాస్టరు వచ్చాడు. మెట్ల మీద జనం ఉన్నారు. చంకలోంచి ఒక పొట్లం తీసి నా బల్ల మీద పెట్టాడు. ఉతికి, ఆరేసి, పొందిగ్గా చుట్టిన నా కట్టు గుడ్డ.

"సర్కారు సొత్తు, వృథా చేయకూడదు" అన్నాడు. "మానిన గాయానికి కట్టు కట్టే వైద్యం ఏ పుస్తకంలో ఉందమ్మా? మాకూ చెబితే పిల్లలకు పాఠం చెప్పుకుంటాం." జనం నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో వాళ్ళకు తెలియదు. హెడ్మాస్టరు చమత్కారంగా మాట్లాడితే నవ్వడం వాళ్ళకు అలవాటు. "మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు పెద్దలు" అని ఇంకో మాట అని, కుర్చీలో కూర్చుని పేపరు విప్పాడు.

నేను లోపలికి పోయి డాక్టరు ముందు నిలబడ్డాను. ఇక్కడి నుంచి ఆయన్ను 'గారు' అనను.

"చెప్పినారా?"

"స్నేహితుడిగా చెప్పాను. పెద్దమనిషి అమ్మాయ్, తల దించుకున్నాడు. నా చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చాడు, ఇక పిల్ల మీద చెయ్యి వేయనని."

"నాకు మాట ఇచ్చింది మీరు."

"చీటీలు, ఊరు మార్పిడి అంటే నలుగురికీ తెలుస్తుంది. పరువుగల మనిషి. నీ కట్టు నాటకం కూడా బయటపడి ఉద్యోగం పోయేది. పెద్దవాళ్ళ మధ్య ఒక్క మాటతో తేలిపోయే దానికి ఎందుకింత రాద్ధాంతం?" కిటికీ వైపు చూస్తూ, "సాయంత్రం నాతో రెండు మాటలు మాట్లాడే మనిషి ఈ ఊళ్ళో ఆయనొక్కడే" అన్నాడు.

అదీ సంగతి. పిల్ల కాలు ఒక పక్క, సాయంత్రం కబుర్లు ఒక పక్క. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయని మా అమ్మ అనే సామెత ఆ రోజు నాకు పూర్తిగా అర్థమైంది. "మీకు ఒక తోడు కావాల, దానికి ఒక బిడ్డను ఇచ్చినారు" అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. ఆయన రిజిస్టరు తెరిచి రాసుకుంటూ పోయాడు. కోపం తెచ్చుకున్నా బాగుండేది.

మరుసటి రోజు వాళ్ళింటికి పోయాను. హెడ్మాస్టరు బడిలో ఉన్నాడు. భార్య తలుపు సందులోంచే మాట్లాడింది.

"పాప లేదు నర్సమ్మా. చెన్నూరు దగ్గర ఆయన మేనత్త ఇంటికి తోలినాడు. ముసల్దానికి పనికని."

"చదువో?"

ఆమె తల అడ్డంగా ఊపింది. తలుపు వేయబోయి ఆగింది. "ఆదివారం ఇంటికొచ్చి కట్టు ఆయనే ఇప్పినాడు" అంది. తర్వాత రెండు వేళ్ళు చూపించి, "ఇప్పుడు రెండు పిక్కలకూ" అంది. తలుపు మూసుకుంది.

డాక్టరు నన్ను మోసం చేశాడు, నిజమే. ఛీ, ఎన్ని తిట్లు తిట్టుకున్నాను ఆయన్ను! కానీ ఆ పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టింది ఆయన కాదు, నేను. ఎవరికీ చెప్పొద్దని అది వేడుకుంది నన్ను. ఆయన నా మాటను ఎలా తీసుకెళ్ళి స్నేహితుడి ఒళ్ళో పోశాడో, నేనూ ఆ పిల్ల మాటను అలాగే తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పోశాను. ఆయనది స్నేహం, నాది నమ్మకం. కాలింది మాత్రం దాని కాలు.

ఊరుకోలేదు. పై అధికారికి అర్జీ రాసుకున్నాను. ఊళ్ళో అర్జీలు రాసేవాడు ఆయనే కాబట్టి తప్పులతో నేనే రాశాను. విచారించి జవాబు పంపమని ఆ అర్జీ తిరిగి మా డాక్టరు బల్ల మీదికే వచ్చింది. దాని వెనకే నాకు ప్రొద్దుటూరుకు బదిలీ వచ్చింది. పులివెందుల ముసలామె చెన్నూరు దాకా పోయి, పిల్లను చూడనివ్వకపోతే వీధిలో కూర్చుని ఏడ్చి తిరిగొచ్చిందని మా అమ్మ చెప్పింది. ఏడాది తిరక్కముందే ఆమె పోయింది. డాక్టరు కూడా కొన్నేళ్ళకు పోయాడు. కబురు పంపారు. నేను పోలేదు.

ప్రొద్దుటూరులో చిన్నపిల్లల గదిలో పని చేశాను. అక్కడ నాదొక మొండి పద్ధతి ఉండేది. ముక్కు కారుతోందని తెచ్చినా సరే, బిడ్డకు బట్టలన్నీ విప్పి, బోర్లా తిప్పి, పిక్కలు, వీపు, చెవుల వెనక చూసి గానీ తూకం వేసేదాన్ని కాదు. "జలుబుకు గుడ్డలెందుకు ఇప్పాలమ్మా?" అని తల్లులు సణిగేవాళ్ళు. "నా ఇష్టం" అనేదాన్ని. మచ్చ కనిపిస్తే పెద్దమనుషులకు చెప్పేదాన్ని కాదు. ఏదో మందు వంకతో మూడో రోజు రమ్మనేదాన్ని, రాకపోతే నేనే వాళ్ళ ఇంటికి పోయి గడపలో కూర్చునేదాన్ని. ఎన్నిసార్లయినా పోయేదాన్ని. కొన్ని ఇళ్ళలో అది పనికొచ్చింది.

అలా చాలా ఏళ్ళు గడిచాక ఒకరోజు, వరుసలో నిలబడిన ఒక పడుచు బిడ్డను ఎత్తుకుని కడిగిన మెట్టు ఎక్కుతూ, చీర అంచు తడవకుండా కొంచెం పైకి పట్టుకుంది. రెండు పిక్కల మీదా బెత్తెడు పొడుగు మచ్చలు. తలెత్తి చూస్తే ఆమె నన్నే చూస్తోంది. నేను పోల్చుకోకముందే ఆమె పోల్చుకుంది.

"పాపా" అన్నాను.

"ఎందుకు చెప్పినావు నర్సమ్మా?" అంది. గొంతు పెంచలేదు. ఇన్నేళ్ళుగా నోట్లో పెట్టుకుని ఉన్న మాటను బయట పెట్టినట్టు అడిగింది.

అవ్వ దగ్గరికి పంపాలనుకున్నానని చెప్పాను. డాక్టరు ఇచ్చిన మాట చెప్పాను, చీటీ సంగతి చెప్పాను. నేను చెబుతున్నది నా చెవులకే సాకుల్లాగా వినిపించింది. ఆమె అడ్డం రాకుండా అంతా విన్నది.

"నేను ఎవురికీ చెప్పలేదు" అంది. "ఇంగో కాలికి పెడతా ఉన్నప్పుడు గూడా కట్టు ఉత్తదని చెప్పలేదు. నువ్వు చెప్పి ఉంటావని అనుకోల్యా. నర్సమ్మ చెప్పదు, ఒట్టేసింది, అని చిన్నాయనతోనే అన్న్యా."

తూకం బుట్ట దగ్గరికి చెయ్యి చాచి, అలవాటు కొద్దీ, "బిడ్డను ఇటియ్యమ్మా" అన్నాను.

ఇవ్వలేదు. నా చెయ్యి పక్కకు జరిపి బిడ్డను తనే బల్ల మీద పడుకోబెట్టింది. చొక్కా తీసింది, మొలగుడ్డ తీసింది. ఎనిమిది నెలల ఆడబిడ్డ, ముద్దుగా ఉంది. ఒక చెయ్యి ఎత్తి చూపించింది, ఇంకో చెయ్యి చూపించింది. బోర్లా తిప్పి వీపు చూపించింది. రెండు కాళ్ళూ పట్టుకుని పిక్కలు నా వైపు తిప్పింది. ఎక్కడా చిన్న గీత కూడా లేదు. వరుసలో ఉన్న తల్లులు మాటలాపి చూస్తున్నారు.

"బాగా సూడు నర్సమ్మా" అంది. "సూసినావు గదా. ఇంగ పోయి ఎవురికన్నా చెప్పుకో."